నాయిన బండి లేపాలంటే ముందు కిక్ జోలికి పోవద్దు

మహబూబ్‌నగర్ నుంచి మీరు అడిగింది ఇదీ: మీ నాయిన తోలిన 1986 మోడల్ యెజ్డీ రోడ్‌కింగ్ మోటార్‌సైకిల్ 18 ఏళ్ళుగా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉంది, కిక్ కదలడం లేదు, ఇంట్లోనే బాగుచేసుకోవచ్చా, ఎక్కడ మొదలుపెట్టాలి? చేసుకోవచ్చు. నల్గొండలో మా ఇంటి వరండాలోనే మా మేనమామ రోడ్‌కింగ్‌ను నేను 14 నెలల్లో నడిచే స్థితికి తెచ్చాను. అందులో 4 నెలలు నేను తొందరపడి చెడగొట్టినదాన్ని సరిచేసుకోవడానికే పోయాయి. మీకు అలా కావొద్దని కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను.

ముందు ఆ కిక్‌ను ముట్టుకోకండి. ఎవరినీ ముట్టుకోనివ్వకండి. ఇన్నేళ్ళు ఆగిన టూ స్ట్రోక్ ఇంజిన్‌లో (పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపి నడిపే రకం) పిస్టన్ రింగులు తుప్పుతో బోరుకు, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడకు, అతుక్కుపోయి ఉంటాయి. బలంగా తొక్కితే రింగు విరుగుతుంది, ఆ ముక్క బోరును గీసేస్తుంది. పైగా ఈ బండిలో కిక్, గేరు రెండూ ఒకే రాడ్‌తో పనిచేస్తాయి, ఆ బలమంతా లోపలి షాఫ్టు మీద పడుతుంది. స్పార్క్ ప్లగ్ తీసి, ఆ రంధ్రంలో డీజిల్ పోసి వదిలేయండి. రెండు రోజులకోసారి చూసి తగ్గితే మళ్ళీ పోయండి. వారం తర్వాత టాప్ గేరులో వేసి, వెనక చక్రాన్ని చేత్తో ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపండి. మాది ఆరో రోజు వేలెడు కదిలింది. మీది పది రోజులకూ కదలకపోతే హెడ్ విప్పి చూడండి, సుత్తి మాత్రం వద్దు.

కదిలింది కదా అని స్టార్ట్ చేయాలనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఆగండి.

ఈ ఇంజిన్‌లో అసలు ప్రాణం ఉండేది క్రాంకుకు (పిస్టన్ కింద తిరిగే ఇరుసుకు) రెండు వైపులా ఉండే ఆయిల్ సీళ్ళలో. టూ స్ట్రోక్‌లో పెట్రోల్, గాలి కలిసి ముందు క్రాంక్ చాంబర్‌లోకే వస్తాయి కాబట్టి ఆ చాంబర్‌కు గాలి చొరబడే సందు ఉండకూడదు. రబ్బరు సీళ్ళు ఇన్నేళ్ళలో ఎండి రాయిలా అయిపోతాయి. ఎడమ సీలు పోతే క్లచ్ వైపు ఆయిల్ లోపలికి లాగేసుకుని సైలెన్సర్ల నుంచి తెల్లటి పొగ వదులుతుంది, ప్లగ్ తడిసిపోతుంది. ఇది కనిపిస్తుంది కాబట్టి పెద్ద భయం లేదు. కుడి సీలు పోతే బయటి గాలి లోపలికి పోయి పెట్రోల్ వాటా తగ్గుతుంది, పిస్టన్ వేడెక్కి బోరును పట్టేస్తుంది. ఇది బయటికి కనిపించదు.

నేను సీళ్ళు కొత్తవే వేశాను. కానీ చాంబర్ రెండు భాగాలు విడిపోకపోతే మధ్యలో స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పాను. అతుకు ముఖం మీద గోరంత గీత పడింది. పేస్టు పూసి బిగించేశాను. మొదటిరోజు పానగల్ దాకా బ్రహ్మాండంగా వెళ్ళింది. తిరిగి వస్తుంటే ఉదయసముద్రం కట్ట దగ్గర ఎక్సలేటర్ వదిలినా ఇంజిన్ శబ్దం తగ్గలేదు, ఇంకా పెరిగింది. మరుక్షణం వెనక చక్రం బిగుసుకుపోయింది. క్లచ్ పట్టుకోగలిగాను కాబట్టి పడలేదు. విప్పి చూస్తే పిస్టన్ పక్కంతా చీరుకుపోయి ఉంది. గాలి లోపలికి చొరబడిన సందు ఆ గోరంత గీతే.

కాబట్టి చాంబర్ విప్పేటప్పుడు బేరింగుల చుట్టూ వేడిగాలి సమంగా పట్టించండి. అల్యూమినియం ఉక్కు కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి బేరింగు దానంతట అదే వదులుతుంది. తర్వాత చెక్క సుత్తితో మెల్లగా తట్టాలి. తిరిగి బిగించాక, కార్బొరేటర్ వైపు, సైలెన్సర్ల వైపు రంధ్రాలు మూసేసి, సైకిల్ పంపుతో కొద్దిగా గాలి ఎక్కించండి. 5–6 పీఎస్ఐ దాటొద్దు. అతుకుల మీద, సీళ్ళ మీద సబ్బు నురగ పూస్తే కారేచోట బుడగలు వస్తాయి. అరగంట పని. అది చేసి ఉంటే నాకు 4 నెలలు మిగిలేవి.

బోరును మళ్ళీ నునుపుగా చెక్కించే పనికి నేను మిర్యాలగూడ వెళ్ళాను. అక్కడ రైసు మిల్లుల వల్ల లేత్ పని తెలిసిన చేతులున్నాయి. ఎక్కడ చేయించినా పిస్టన్ ముందు కొని, దాన్ని కొలిచి బోరు చేయమనండి. పిస్టన్ గాడిలో చిన్న పిన్ను ఉంటుంది, రింగు చివరలు సరిగ్గా దాని దగ్గరే కలవాలి. ఆ పిన్నే లేకపోతే రింగు తిరిగి దాని కొస పోర్టులో (బోరు గోడకు ఉండే రంధ్రంలో) తట్టుకుని విరుగుతుంది. బిగించేటప్పుడు టార్చి వేసి చూసుకోండి.

సామాన్ల సంగతి: ఈ బండ్లు చేసిన మైసూరు ఐడియల్ జావా కంపెనీ 1961లో తయారీ మొదలుపెట్టి 1996లో మూతపడింది. యెజ్డీ పేరుతో 2022 నుంచి వస్తున్న కొత్త బండ్ల సామాను దీనికి పట్టదు. ఆన్‌లైన్‌లో వెతికితే రెండూ కలిసిపోయి వస్తాయి, మోసపోకండి. నేను చాలావరకు హైదరాబాద్ పుత్లీబౌలిలో కొన్నాను, పాతది చేతిలో పట్టుకుని వెళ్ళి పోల్చి చూసుకున్నాను. బేరింగులైతే వాటిమీది నంబరు చెబితే చాలు. జూలై రెండో ఆదివారం జావా-యెజ్డీ డే, పాత బండ్లవాళ్ళు కలుస్తారు. ఒక్కసారి వెళ్ళండి, బతికున్న బండిని దగ్గరగా చూస్తే ఏ తీగ ఎటు పోవాలో తెలుస్తుంది.

ట్యాంకులో తుప్పుకు వెనిగర్, గుప్పెడు నట్లు వేసి రోజూ ఊపుతూ 4 రోజులు ఉంచాను. తర్వాత వంట సోడా నీళ్ళతో కడగాలి. మన బోరుబావి నీళ్ళు ఉప్పగా, గట్టిగా ఉంటాయి, లోపల ఆరనిస్తే సాయంత్రానికి మళ్ళీ ఎర్రబడుతుంది. చివరిసారి ఫిల్టర్ నీళ్ళతో కడిగి, వెంటనే వేడిగాలితో ఆరబెట్టి, కొంచెం టూటీ (టూ స్ట్రోక్) ఆయిల్ పోసి అంతటా తిప్పండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది, అది తేమను పీల్చుకుంటుంది. పాత రబ్బరు పైపు, వాషర్లు తప్పక మార్చండి. పెట్రోలులో టూటీ ఆయిల్ నేను లీటరుకు 40 మి.లీ. కలుపుతాను.

పాత బ్రేకు షూలు, క్లచ్ ప్లేట్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. ఆ దుమ్మును గాలితో ఊదకండి, తడిగుడ్డతో తుడవండి. ఇంట్లో పిల్లలుంటే మరీ జాగ్రత్త.

రంగు ఆఖరున. మామ మోకాళ్ళు ఒరుసుకుని ట్యాంకు పక్కలు అరిగిన చోట నేను రంగు వేయించలేదు. చూసినవాళ్ళు సగం పనే చేశావన్నారు. నాకు అది అలాగే కావాలి. మీ నాయిన బండి మీద అలాంటి గుర్తులుంటే, పెయింటు షాపుకు ఇచ్చేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. ఇంజిన్, చాసిస్ నంబర్లు మాత్రం టేపు వేసి కాపాడండి. తుప్పు గీకేటప్పుడు అవి అరిగిపోతే ఆర్టీఏలో కాగితం పెట్టి రుద్ది తీసే పెన్సిల్ ప్రింటు రాదు.

కాగితాలు పానా పట్టకముందే చూసుకోండి. ఆర్‌సీకి మొదట 15 ఏళ్ళు, తర్వాత ఐదేళ్ళకోసారి రెన్యువల్. దానికి ఫారం 25, బండి చూపించడం. మీ నాయిన లేరని రాశారు కాబట్టి పేరు మార్పుకు ఫారం 31 కూడా పెట్టాలి. కొందరు వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించమని చెబుతారు. 2021లో వచ్చిన ఆ నిబంధన 50 ఏళ్ళు దాటిన బండ్లకే, అదీ రోజువారీ తిరగడానికి కాదు. మీది 2036 దాకా అందులోకి రాదు.

అన్నీ అయ్యాక మొదటి తిరుగుడు పిల్లలమర్రి దాకా చాలు. వెళ్ళి, ఆపి, చల్లారనిచ్చి, ప్లగ్ తీసి చూడండి. లేత గోధుమరంగులో ఉంటే సరే, తెల్లగా ఉంటే గాలి ఎక్కడో లోపలికి పోతున్నట్టే, అక్కడి నుంచి తోలకుండా ఆటోలో తెచ్చుకోండి. హెడ్ విప్పాక బోరు ఫొటో ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.