అమ్మకి షుగరా, దిగులా?

ప్రశ్న: మా అమ్మకి 54 ఏళ్లు. పదేళ్లుగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతోంది. ఆర్నెల్లుగా ఒకటే నీరసం, ఊరికే ఏడుపు, వాకింగ్ మానేసింది, మాత్రలు కూడా గుర్తుచేస్తేనే వేసుకుంటోంది. కౌన్సెలింగ్‌కి తీసుకెళ్లాలా, షుగర్ డాక్టర్ దగ్గరికా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: రెండూ కావాలండి. షుగర్ ఉన్నవాళ్లకి డిప్రెషన్ వచ్చే అవకాశం మామూలు వాళ్లకంటే ఎక్కువ, డిప్రెషన్ వస్తే మాత్రలూ నడకా మానేస్తారు, దాంతో షుగర్ ఇంకా పెరుగుతుంది. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే కొందరిలో బి12 విటమిన్ తగ్గుతుంది, అప్పుడూ నీరసం, అరికాళ్ల తిమ్మిర్లు, దిగులు ఉంటాయి. థైరాయిడ్ మందగించినా దాదాపు ఇంతే. అందుకని బి12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) పరీక్షలు చేయించండి, కానీ రిపోర్టులు వచ్చేదాకా కౌన్సెలింగ్ ఆపొద్దు. కౌన్సెలర్‌కి మాత్రల చీటీ చూపించండి, షుగర్ డాక్టర్‌కి ఏడుపు సంగతి చెప్పండి (మనవాళ్లు ఇది మాత్రం దాస్తారు). మందులు మీరే ఆపేయకండి. భోజనం తర్వాత పది నిమిషాలు ఆమెతో కలిసి నడవండి, షుగర్‌కీ మనసుకీ పనికొస్తుంది. "బతకాలని లేదు" అందంటే మాత్రం ఆమెని ఒంటరిగా వదలకుండా ఆరోజే డాక్టర్‌కి చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.