ముందుగా ఇంట్లోని మందుల పెట్టె తెరిచి చూడు

చిరంజీవి అమ్మాయికి పెద్దనాన్న ఆశీస్సులు.

పిల్లవాడి బడిలో తల్లిదండ్రులను పిలిచి మత్తుమందుల గురించి చెప్పారనీ, విన్నంతసేపూ భయం వేసిందే తప్ప ఇంటికి వచ్చాక దేన్ని గమనించాలో ఒక్కటీ గుర్తుకు రాలేదనీ నువ్వు రాసిన ఉత్తరం అందింది. మందుల షాపు కౌంటరు వెనుక ముప్పై నాలుగేళ్లు నిలబడినవాణ్ణి కాబట్టి నన్ను అడగడం సబబే. కొంచెం పెద్ద ఉత్తరమే రాస్తున్నాను. అల్లుడిగారితో కలిసి చదువు. ఈ విషయంలో తల్లి ఒక మాట, తండ్రి ఒక మాట అంటే పిల్లలు ఆ రెండు మాటల సందులోంచి జారుకుంటారు.

మత్తుమందు అనగానే చాలామంది తల్లిదండ్రుల కళ్ల ముందు కదిలేది వీధి మలుపులో పొట్లం అందించే అపరిచితుడు. అలాంటివాళ్లు లేకపోలేదు, ఆ సంగతి తరువాత రాస్తాను. అయితే చాలామంది పిల్లల చేతికి సులువుగా అందేవి ఇంటి అరలోనే ఉంటాయి. సగం వాడి మూత బిగించిన దగ్గు మందు, ఎవరి ఆపరేషన్ తరువాతో మిగిలిపోయిన నొప్పి మాత్రలు, పెద్దవాళ్ల నిద్రమాత్రలు, జలుబుకు తెచ్చిన స్ట్రిప్పులు. డాక్టరు రాసిందే కదా, చీటీ లేకుండానే అమ్మేది కదా అన్న ధీమా పెద్దలకు ఉన్నట్టే పిల్లలకూ ఉంటుంది. హెరాయిన్‌ను 1898లో బేయర్ కంపెనీ దగ్గు మందుగానే అమ్మకానికి పెట్టిందని తెలిస్తే, లేబుల్ మీద మందు అని ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదని నీకే అర్థమవుతుంది.

నేను చేసిన ఒక తప్పు నీకు చెప్పాలి. పదహారేళ్ల కుర్రవాడొకడు రెండు నెలలపాటు రెండు మూడు రోజులకొకసారి వచ్చి ఒకే రకం దగ్గు మందు కొనుక్కుని వెళ్లేవాడు. అమ్మమ్మకు దగ్గు తగ్గడం లేదనేవాడు. నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడేవాడు. రెండు నెలలుగా తగ్గని దగ్గును డాక్టరుకు చూపించాలని అందరికీ చెప్పే నేను, ఆ పిల్లవాడి విషయంలో ఆ చిన్న లెక్క వేయలేదు. ఒక రోజు వాళ్ల అమ్మ ఒక సంచీ తెచ్చి, పుస్తకాల బీరువా వెనుక దొరికిన ఖాళీ సీసాలను కౌంటరు మీద వరుసగా నిలబెట్టింది. మొత్తం పదకొండు. ప్రతి సీసాకూ మూత మీద బోర్లించి ఇచ్చే కొలత కప్పు అలాగే ఉంది. ఒక్క కప్పుకూ మందు మరక అంటలేదు. ఆ పొడి కప్పులు నాకు ఈనాటికీ కళ్లకు కట్టినట్టున్నాయి. ఆ పిల్లవాడు వైద్యంతో కోలుకున్నాడు. ఆ తరువాత నేను ఏ మందు అమ్మినా, ఎవరికి, ఎన్నిసార్లు అని లెక్క చూడకుండా ఇవ్వలేదు.

చాలా దగ్గు మందుల్లో ఉండే డెక్స్‌ట్రోమెథార్ఫాన్ చెప్పిన మోతాదులో మెదడులోని దగ్గు కేంద్రాన్ని శాంతింపజేస్తుంది. పెద్దవాళ్లకు సైతం రోజుకు 120 మిల్లీగ్రాములు దాటకూడదని ప్యాకెట్ల మీదే రాసి ఉంటుంది. దానికి ఎన్నో రెట్లు తాగినప్పుడు అది వేరే మందులా పనిచేస్తుంది. శరీరం తనది కాదన్నట్టు అనిపిస్తుంది, లేనివి కనిపిస్తాయి, నడక తూలుతుంది, గుండె వేగం పెరుగుతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం సీసాలో దానితోపాటు కలిపి ఉండే మిగతా మందుల వల్ల వస్తుంది. జలుబు, దగ్గు మందుల్లో చాలావాటిలో పారాసిటమాల్ కలిసి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజంతా కలిపి 4 గ్రాములు దాటకూడని ఆ మందు, మత్తు కోసం సీసాలకు సీసాలు తాగిన పిల్లవాడి కడుపులోకి తెలియకుండానే పోతుంది.

పారాసిటమాల్ గురించి ప్రతి తల్లికీ తెలియవలసిన మాట ఇది. మోతాదు మించి మింగినవాళ్లు మొదటి రోజు బాగానే కనిపించవచ్చు. కొంచెం వికారం, ఒకటి రెండు వాంతులు, అంతే. తేరుకున్నాడని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకునే ఆ సమయంలోనే లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. రెండో రోజుకో, మూడో రోజుకో ఆ నష్టం బయటపడుతుంది. దీనికి ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు ఉంది, కానీ అది మింగిన 8 గంటల లోపల మొదలుపెడితేనే పూర్తి ఫలం ఇస్తుంది. కాబట్టి పిల్లవాడు బాగానే ఉన్నాడు కదా, తెల్లవారాక చూద్దాం అనుకోకుండా, ఎక్కువ మింగాడని అనుమానం వచ్చిన క్షణమే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఖాళీ స్ట్రిప్పులూ సీసాలూ వెంట తీసుకువెళ్లాలి.

చీటీ లేకుండా దొరికేవాటిలో మరికొన్నింటినీ తేలికగా తీసుకోకూడదు. అలర్జీకి వాడే డైఫెన్‌హైడ్రామిన్ మోతాదు మించితే భ్రాంతులు, మూర్ఛ, గుండె లయ తప్పడం దాకా పోతుంది. విరేచనాలు ఆపే లోపెరమైడ్‌ను మత్తు కోసం గుప్పెడు మింగినవాళ్లకు గుండె ఆగిపోయిన సందర్భాలు ఉన్నాయని అమెరికా ఔషధ సంస్థ 2016లో హెచ్చరించింది. ఇక డాక్టరు చీటీ మీద ఇచ్చే ఆల్ప్రజోలామ్ వంటి ఆందోళన తగ్గించే మాత్రలు మద్యంతోనో, హెరాయిన్ జాతికి చెందిన బలమైన నొప్పి మాత్రలతోనో కలిస్తే నిద్రలోనే శ్వాస మందగిస్తుంది. కొంతకాలం రోజూ వాడిన వాటిని ఒక్కసారిగా ఆపినా ఫిట్స్ రావచ్చు. అందువల్ల పిల్లవాడి దగ్గర అలాంటి మాత్రలు దొరికితే లాక్కుని పారేయడంతో పని పూర్తికాదు, ఎన్నాళ్లుగా వాడుతున్నాడో డాక్టరుకు తెలియాలి.

జిగురు, పెయింట్ థిన్నర్, వైట్‌నర్, లైటర్ గ్యాస్ పీల్చడం చిన్న వయసు పిల్లలు మొదలుపెట్టే అలవాటు. ఇవి ఏ ఇంట్లోనైనా ఉంటాయి, కొనడానికి ఎవరూ ప్రశ్నించరు. మొదటిసారి పీల్చినప్పుడే గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు, ఎంత ఆరోగ్యంగా ఉన్న పిల్లలకైనా. బట్టలకు రసాయనం వాసన, మూతి చుట్టూ ఎర్రటి పొక్కులు, మంచం కింద తడిసి ఎండిన గుడ్డలు కనిపిస్తే పట్టించుకో.

ఇక వీధి సరుకు సంగతి. ఆ పొట్లంలో ఏముందో కొన్నవాడికీ తెలియదు, చాలాసార్లు అమ్మినవాడికీ తెలియదు. అసలు మాత్ర రంగు, ఆకారం, దాని మీద అచ్చు కూడా అలాగే ఉండేటట్టు నకిలీ మాత్రలు తయారుచేస్తారు. వాటిలో ఫెంటానిల్ అనే అతి బలమైన నొప్పి మందు కలుపుతున్న దేశాల్లో ఒక్క మాత్రతో చనిపోయిన పిల్లలు ఉన్నారు. అది మార్ఫిన్ కంటే దాదాపు 100 రెట్లు శక్తిమంతమైనది, 2 మిల్లీగ్రాములు కూడా ప్రాణాంతకం కావచ్చు. గంజాయి సహజమైన ఆకే కదా అని పిల్లవాడు వాదిస్తే, మనిషి మెదడు ఇరవై ఐదేళ్ల వయసు దగ్గరికి వచ్చేదాకా ఎదుగుతూనే ఉంటుందనీ, కౌమారంలో తరచుగా వాడినవాళ్లలో జ్ఞాపకశక్తి, ఏకాగ్రత దెబ్బతింటాయనీ, కొందరికి మతి చలించే జబ్బు తొందరగా బయటపడుతుందనీ కోపం లేకుండా చెప్పు. పెద్దవాళ్లు అతిశయోక్తి చెబుతున్నారని ఒక్కసారి అనిపిస్తే ఆ తరువాత చెప్పే నిజాలు కూడా వాళ్ల చెవికెక్కవు.

గుర్తుపట్టడం ఎలా అని కదా నువ్వు అడిగింది. కళ్లు కొంత చెబుతాయి. హెరాయిన్, దాని జాతికి చెందిన బలమైన నొప్పి మాత్రలు వాడితే కంటిపాప సూదిమొనంత చిన్నదవుతుంది. ఉత్తేజాన్నిచ్చే మందులతో పెద్దదవుతుంది. గంజాయితో కళ్లు ఎరుపెక్కుతాయి. అయితే నేను కళ్లకంటే మార్పునే ఎక్కువ నమ్ముతాను. నీ పిల్లవాడు మూడు నెలల కిందట ఎలా ఉండేవాడో నీకు తెలిసినంతగా ఏ డాక్టరుకూ తెలియదు. నిద్ర వేళలు తారుమారు కావడం, పాత స్నేహితుల పేర్లు మాటల్లోంచి మాయం కావడం, ఇష్టమైన ఆట మానేయడం, డబ్బు లెక్క కుదరకపోవడం, గది తలుపు ఎప్పుడూ గడియ పడి ఉండడం, ఇవన్నీ కలిసి వస్తే ఏదో ఉన్నట్టే. ఆ ఏదో దిగులు జబ్బు కావచ్చు, బడిలో ఎవరో వేధిస్తూ ఉండవచ్చు. ఆ బాధ తట్టుకోలేకే మత్తుమందు వైపు వెళ్లిన పిల్లలనూ చూశాను. కాబట్టి గమనించినవాటిని తేదీ వేసి రాసుకో, తీర్పు మాత్రం ముందే రాసుకోకు.

ఇంట్లోనే మూత్ర పరీక్ష చేసే కిట్లు దొరుకుతాయి, తెచ్చుకోమంటావా అని అడిగావు. వద్దని నా సలహా. మామూలు దగ్గు మందు వాడినా కొన్ని కిట్లు తప్పుగా పాజిటివ్ చూపిస్తాయి, హెరాయిన్ జాతి మందులను పట్టే సాధారణ ఓపియేట్ కిట్‌కు ఫెంటానిల్ చిక్కదు. తప్పు ఫలితం వచ్చి నువ్వు నిందించావంటే పోయిన నమ్మకాన్ని తిరిగి తెచ్చుకోవడం కష్టం. పరీక్ష అవసరమైతే డాక్టరు చేయించాలి, పిల్లవాడికి తెలిసే చేయించాలి.

మాట్లాడవలసి వచ్చినప్పుడు మత్తులో ఉండగా మాట్లాడవద్దు, నీకు కోపం పొంగుతున్నప్పుడూ వద్దు. పక్కపక్కన కూర్చుని ఏదైనా పని చేస్తున్నప్పుడు, నువ్వు చూసినదాన్ని చూసినట్టు చెప్పు: “ఈ నెలలో మూడుసార్లు తెల్లవారుజామున నీ గదిలో దీపం వెలుగుతూ కనిపించింది నాన్నా, నాకు దిగులుగా ఉంది.” ఆ తరువాత మౌనంగా ఉండు. ఆ మౌనం నీకు ఎంత కష్టమైనా నువ్వు పూరించకు. అలాగే ఒక మాట ముందే ఇచ్చి ఉంచు: ఏ రాత్రయినా, ఎక్కడున్నా, తనకో స్నేహితుడికో ఏదైనా జరిగితే ఫోన్ చేయాలని, నువ్వు ముందు వచ్చి తీసుకువెళ్తావనీ, ప్రశ్నలు మరునాడే అడుగుతావనీ. తిట్లకు భయపడి స్నేహితుణ్ణి పడుకోబెట్టి తలుపు వేసి వెళ్లిపోయిన పిల్లలు ఉన్నారు.

ఎంత పిలిచినా లేవకపోవడం, శ్వాస బాగా మందగించడం, గురకలాంటి గరగర శబ్దం, పెదవులూ గోళ్లూ నీలంగానో బూడిద రంగులోనో మారడం, ఇవి ప్రాణాపాయం గుర్తులు. వెంటనే అంబులెన్స్ పిలవాలి. ఊపిరి ఆడుతూ ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టి, కనిపెట్టుకుని ఉండాలి. వాంతి చేయించడం, చన్నీళ్లు పోయడం, నిద్రపోనీలే అని వదిలేయడం కూడదు. ఊపిరి ఆగితే ఫోన్‌లో అంబులెన్స్ వాళ్లు చెప్పినట్టు చేయాలి. హెరాయిన్ జాతి మందులకు నలోక్సోన్ అనే విరుగుడు ఉంది. దొరికేచోట ఇంట్లో ఉంచుకోవచ్చు. అయితే దాని పని 30 నుంచి 90 నిమిషాల్లో తగ్గిపోతుంది, మత్తు మళ్లీ కమ్ముకోవచ్చు, కాబట్టి లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకువెళ్లడం తప్పదు.

ఈ ఆదివారం ఒక పని చెయ్యి. ఇంట్లోని మందులన్నీ ఒక బల్ల మీద పరిచి, ఏ స్ట్రిప్పులో ఎన్ని మాత్రలు, ఏ సీసాలో ఎంత మందు మిగిలిందో ఒక కాగితం మీద రాయి. గడువు దాటినవీ, ఇక అవసరం లేనివీ వేరు చేసి, మందుల షాపువాళ్లు తిరిగి తీసుకుంటారేమో అడుగు. మిగిలినవి తాళం వేసి పెట్టు. నెలకొకసారి అదే కాగితంతో సరిచూసుకో. రాసిన కాగితాన్ని ఫోటో తీసి నాకు పంపితే, వేటిని మరింత జాగ్రత్తగా దాచాలో గుర్తు పెట్టి తిరిగి పంపుతాను. మీ అత్తగారి నిద్రమాత్రలు లెక్కపెట్టడం మరచిపోవద్దు.

మీ పెద్దనాన్న