పాత పిస్టల్ ట్రిగ్గర్ ఎవరి చేతిలో పెట్టాలి?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. పాత పిస్టల్ ట్రిగ్గర్ గరగరలాడుతోందనీ, మంచి గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే పనివాడు) ఎవరైనా ఉంటే చెప్పమనీ అడిగావు. పేరు చెప్పడం కంటే, మంచి పనివాణ్ణి ఎలా గుర్తుపట్టాలో చెప్తాను. అది నీకు ఎప్పటికైనా పనికొస్తుంది.

ముందు పిస్టల్‌ను పూర్తిగా శుభ్రం చేయించు. ఏళ్ల తరబడి లోపల ఎండిపోయిన నూనె జిగురులా పట్టేసి ట్రిగ్గర్‌ను మొరాయించేలా చేస్తుంది. సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి. తర్వాత ట్రిగ్గర్ లాగడానికి ఎంత బరువు పడుతుందో కొలిచే ట్రిగ్గర్ గేజ్‌తో పదిసార్లు లాగి చూసి అంకెలు రాసుకో. అవి ఒక్కోసారి ఒక్కోలా వస్తుంటే అసలు జబ్బు బరువు కాదు, లోపలి రాపిడి.

గన్‌స్మిత్ దగ్గరికి వెళ్లి "తేలిక చేయండి" అని మాత్రం అనకు. ఆ మాట అనే నేను దెబ్బతిన్నాను. నా మొదటి 1911 మోడల్ పిస్టల్‌ను ఒకతనికిచ్చాను. ఏమీ అడగలేదు, రెండు రోజుల్లో తిరిగిచ్చేశాడు. ట్రిగ్గర్ వెన్నలా ఉందని మురిసిపోయాను. రేంజ్‌లో మొదటి గుండు ఎక్కించడానికి స్లైడ్ (పిస్టల్ పైన వెనక్కీ ముందుకీ జరిగే భాగం) వదిలాను. గుండు పేలేలా దెబ్బ కొట్టే హ్యామర్ వెనక నిలబడకుండా స్లైడ్‌తో పాటే ముందుకొచ్చి, సగంలో ఉండే గాడిలో చిక్కుకుని ఆగింది. గుండు పేలలేదు, గొట్టం కూడా గురి వైపే ఉంది. అయినా ఆ రోజు నా చేతుల వణుకు చాలాసేపు తగ్గలేదు. వేరే గన్‌స్మిత్ దాన్ని విప్పి భూతద్దం కింద చూపించాడు. హ్యామర్ కొక్కేలను ఆకురాయితో అరగదీసేశారు, ట్రిగ్గర్ లాగేదాకా హ్యామర్‌ను పట్టి ఆపే సియర్ అంచు ఒక పక్కకు వాలిపోయింది. రెండూ మార్చాల్సి వచ్చింది.

పాత పిస్టళ్లలో ఇంకో చిక్కుంది. చాలా భాగాలకు పైపొర మాత్రమే గట్టిగా ఉంటుంది. ఎక్కువ సానపెడితే ఆ పొర పోయి లోపలి మెత్తని లోహం బయటపడుతుంది, త్వరగా అరిగిపోతుంది. అందుకే "ఈ మోడల్ ఎన్ని విప్పారు? విడి భాగాలు దొరుకుతాయా?" అని తప్పకుండా అడుగు. 1911 మీద చెయ్యి తిరిగినంత మాత్రాన మిగతావన్నీ వచ్చినట్టు కాదు. ల్యూగర్ అనే పాత జర్మన్ పిస్టల్‌లో ట్రిగ్గర్ కదలిక పక్క పలకలోని మీట ద్వారా సియర్‌కు చేరుతుంది. పైగా దాని భాగాల మీద అవన్నీ ఒకే పిస్టల్‌వని తెలిపే నంబర్లుంటాయి. మార్చిన పాతవాటిని పారేయకుండా నీకే ఇవ్వమను. బ్రౌనింగ్ హై పవర్ పిస్టల్‌లో మ్యాగజైన్ (గుండ్లు నింపే డబ్బీ) తీస్తే పేలకుండా ఆపే ఏర్పాటు మ్యాగజైన్‌ను రాసుకుంటూ కదులుతుంది, గరగర చాలావరకు అక్కడిదే. దాన్ని పీకేద్దామనే వాడికంటే, అది రాసుకునే చోట మ్యాగజైన్‌కు మెరుగు పెడదామనేవాడు నాకు నచ్చుతాడు.

మంచివాడు ముందు నిన్నే ప్రశ్నలడుగుతాడు. పోటీలకా, సరదాకా, దాచుకోవడానికా? పోటీలకైతే ఏ పోటీ? అంతర్జాతీయ 25 మీటర్ల సెంటర్‌ఫైర్ (అడుగు మధ్యలో దెబ్బ తగిలి పేలే గుండ్లతో ఆడే) పోటీలో ట్రిగ్గర్ కనీసం 1000 గ్రాముల బరువు ఆపాలి. ఆ అంకెకు అంచున కాకుండా కాస్త పైనే ఉంచుతానంటాడు. "ఇంతకంటే తగ్గించను" అని మొహమాటం లేకుండా చెప్పేవాడు దొరికితే వదలకు, నెలలు ఆగమన్నా ఆగు. లైసెన్స్ చూపించడానికి నసిగేవాడి దగ్గర మాత్రం క్షణం కూర్చోకు.

పిస్టల్ తిరిగొచ్చాక, అది ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని సేఫ్టీలన్నీ అతని ముందే పరీక్షించు. రేంజ్‌లో మొదట మ్యాగజైన్‌లో ఒక్క గుండే పెట్టి కాల్చు, తర్వాత రెండు. అన్నీ సరిగ్గా ఉంటేనే నిండుగా పెట్టు. గేజ్ అంకెలు వచ్చాక నాకు రాయి, చూసి చెప్తాను.

ఇట్లు,
నీ పెదనాన్న