ఎక్కువ సంపాదిస్తే ఎక్కువ శాతం పన్ను న్యాయమేనా? పదిహేనేళ్ళు పేరోల్‌లో పనిచేశాక నా జవాబు

మీ ప్రశ్న ఇది: "కష్టపడి చదివి, రాత్రింబవళ్ళు పనిచేసి జీతం పెంచుకున్నవాడి దగ్గర 30 శాతం పన్ను, పక్కవాడి దగ్గర 5 శాతం. ఇది ఎదిగినందుకు శిక్ష కాదా? అందరికీ ఒకే రేటు పెడితే సరిపోదా?"

శిక్ష కాదు, న్యాయమే అనుకుంటున్నాను. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో జీతాలు లెక్కగట్టే పేరోల్ విభాగంలో పదిహేనేళ్ళుగా ఉన్నాను. రెండేళ్ళ కిందట నా ఆదాయం కూడా 30 శాతం శ్లాబులోకి, అంటే ఆ రేటు పడే ఆదాయపు మెట్టులోకి, వచ్చింది. కాబట్టి పక్కవాళ్ళ జేబు గురించి తీర్పు చెప్పడం లేదు. నెలనెలా వందలమంది జీతాల్లోంచి, నా జీతంలోంచి కూడా, టీడీఎస్ కోసేది నేనే.

ముందు ఆ "30 శాతం" సంగతి. 2019 ఏప్రిల్‌లో ఒక కుర్రాడు నా సీటు దగ్గరికి వచ్చి, "మేడం, ఈ హైక్ వచ్చే ఏడాదికి మార్చడం కుదురుతుందా?" అని అడిగాడు. జీతం పెంచొద్దని అడిగినవాణ్ని అదే మొదటిసారి చూడటం. విషయం ఏమిటంటే, మినహాయింపులన్నీ పోను అతని ఆదాయం 9 లక్షల 90 వేలు. హైక్ 50 వేలు. పది లక్షలు దాటితే మొత్తం ఆదాయం మీద 30 శాతం పడుతుందని ఎవరో చెప్పారట. మూడు లక్షలు పోతాయని రెండు రోజులుగా టెన్షన్ పడుతున్నాడు. ఇంటికి నెలనెలా డబ్బు పంపే పిల్లవాడు.

ప్రింటర్‌లోంచి ఒక తెల్ల కాగితం తీసి వరుసగా బిందెలు గీశాను. కుళాయి ఒక్కటే. మొదటి బిందె నిండాకే రెండోదాంట్లోకి నీళ్ళు, అది నిండాకే మూడోదాంట్లోకి. ఏ బిందెలోంచి ఎంత ముంచుకోవాలో ఆ బిందెకే లెక్క ఉంటుంది. చివరి బిందె నిండుతోంది కదా అని మొదటి బిందె లెక్క మారదు. అతని 50 వేలలో మొదటి పదివేలు 20 శాతం బిందెలోకి, మిగతా నలభై వేలు 30 శాతం బిందెలోకి వెళ్తాయి. పన్ను 14,000, ఆ పన్ను మీద అదనంగా వేసే సెస్సు 560. చేతికి 35,440 మిగులుతుంది. ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళాడు. ఆ తర్వాత కనీసం ఇరవైమందికి అవే బిందెలు గీసి చూపించి ఉంటాను. వాళ్ళలో మేనేజర్లు కూడా ఉన్నారు.

మినహాయింపులు తగ్గించి రేట్లు కూడా తగ్గించిన ఇప్పటి కొత్త విధానంలోనూ పద్ధతి అదే. 2025-26 లెక్క ప్రకారం మొదటి 4 లక్షల మీద ఏమీ లేదు. ఆపై ప్రతి 4 లక్షలకు 5, 10, 15, 20, 25 శాతం. 24 లక్షలు దాటినదాని మీద 30. జీతగాళ్ళకు 75 వేల స్టాండర్డ్ డిడక్షన్, అంటే పన్ను లెక్కకు ముందే జీతంలోంచి తీసేసే మొత్తం. అంటే ఏడాదికి 24 లక్షల 75 వేల జీతం ఉన్నవాడికి, సరిగ్గా 30 శాతం గడప దగ్గర నిలబడ్డవాడికి, సెస్సుతో కలిపి పన్ను 3 లక్షల 12 వేలు. మొత్తం జీతంలో 13 శాతం కూడా కాదు. పన్ను పోగా నెలకు లక్షా ఎనభై వేలు మిగులుతాయి. నేనూ దాదాపు అక్కడే ఉన్నాను. ఆ మిగిలినదాంతో మా కుటుంబం నిశ్చింతగా బతుకుతోంది. ఇబ్బందిగా ఉందని చెబితే అబద్ధమవుతుంది.

హైక్ నిజంగానే పన్నుకు పోయే చోట్లు ఒకటి రెండు ఉన్నాయి, అవి దాచను. ఆదాయం 12 లక్షల దాకా రిబేటుతో, అంటే లెక్కకు వచ్చిన పన్నును మాఫీ చేయడంతో, పన్ను సున్నా. 12 లక్షల 10 వేలైతే ఆ పైన వచ్చిన పదివేలూ పన్నుకే పోతాయి, పైగా దాని మీద సెస్సు. దాదాపు 12 లక్షల 70 వేల వరకు ఇదే పరిస్థితి. అలాగే 50 లక్షలు దాటగానే 10 శాతం సర్‌చార్జి, అంటే పన్ను మీద మళ్ళీ పన్ను, మొదలవుతుంది. ఆ పైన సుమారు లక్షా అరవై వేల దాకా వచ్చింది వచ్చినట్టు పన్నుకే. ఇవి కట్టినవాళ్ళు వచ్చి కోప్పడితే నా దగ్గర సమాధానం ఉండదు. ఆ రెండు చోట్లా పన్ను ఇంకా మెల్లగా పెరిగేలా చేయాల్సింది. కానీ ఆ అతుకులు సరిగా పడలేదని శ్లాబుల పద్ధతే తప్పనలేం.

ఇక అందరికీ ఒకే రేటు అన్న మాట. కొనేవాళ్ళ ఆదాయం ఎంతైనా ఒకే రేటు పడే పన్ను మన దగ్గర ఇప్పటికే ఉంది, దాని పేరు జీఎస్టీ. మా అమ్మ చీరాలలో ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. పెళ్ళిళ్ళ నెలల్లో కాస్త ఎక్కువ, ఆషాఢంలో తక్కువ. సగటున నెలకు తొమ్మిది వేలు వస్తాయి. అమ్మ ఫోన్ రీఛార్జి నేనే చేస్తాను. మొన్న పండక్కి వెళ్ళినప్పుడు, "జాకెట్లు కుట్టుకునేదాన్ని, నేనేం పన్ను కడతానే?" అంది. ఫోన్ తీసి 349 రూపాయల రీఛార్జి చూపించాను. అందులో 18 శాతం జీఎస్టీ, అంటే 53 రూపాయలు. మా కంపెనీలో అందరికంటే పెద్ద జీతం తీసుకునే ఆయన అదే రీఛార్జి చేసుకున్నా కట్టేది అదే 53. అమ్మకు అది దాదాపు అరజాకెట్టు కుట్టుకూలి. కళ్ళజోడు సవరించుకుని పూర్తి చేసే అంచుపని అది. ఆయనకు ఎంతో నేను లెక్కే వేయలేను.

గ్యాస్ బండ మీద 5 శాతం, వంటనూనె మీద 5 శాతం. తలనూనె, సబ్బు, పేస్టు మీద 2025 సెప్టెంబర్ 22 దాకా 18 శాతం ఉండేది, ఆ రోజు నుంచి 5కు తగ్గింది. నిజంగా మంచి పని. అయినా తొమ్మిది వేలలో దాదాపు అంతా ఖర్చయ్యే ఇంట్లో, విడి బియ్యం, కూరగాయల్లాంటివి పోను, మిగతా ఖర్చుకు ఏదో ఒక కౌంటర్ దగ్గర పన్ను తగులుతూనే ఉంటుంది. నా జీతంలో సగం ఖర్చు కాదు, దాచుకుంటాను. దాచిన సగానికి జీఎస్టీ లేదు. అంటే సంపాదన పెరిగేకొద్దీ ఈ పన్ను భారం తగ్గుతూ పోతుంది. ఆ వంపును కొంతైనా సరిచేసేది శ్లాబుల ఇన్‌కంటాక్సే. దాన్నీ ఒకే రేటుకు తెస్తే అమ్మ వైపు తూచే బరువు ఇంకేమీ మిగలదు.

"ఈ దేశంలో పన్ను కట్టేది మేమే" అని మా క్యాంటీన్‌లో ఎవరైనా అన్నప్పుడల్లా నాకు ఆ 53 రూపాయలు గుర్తొస్తాయి.

"కష్టపడి ఎదిగినవాడు" అన్నారు. నేనూ కష్టపడ్డాను, కాదనను. కానీ ఒంటరిగా కాదు. 1996లో అప్పటి ప్రకాశం జిల్లా నవోదయలో ఆరో తరగతిలో చేరాను. పన్నెండు దాకా చదువు, హాస్టల్, తిండి, బట్టలు అన్నీ కేంద్ర ప్రభుత్వ ఖర్చే. వరుసలో నిలబడితే సబ్బు, కొబ్బరినూనె, పేస్టు కూడా ఇచ్చేవారు. సెలవులకు వెళ్ళేటప్పుడు నా సబ్బు ముక్క కాగితంలో చుట్టి ఇంటికి తీసుకెళ్ళేదాన్ని. ఇంట్లో ఉన్నది బట్టల సబ్బు ఒక్కటే. ఆ డబ్బులో ఎవరి ఇన్‌కంటాక్స్ ఎంతుందో విడదీసి చెప్పడం కుదరదు. కానీ అందులో తన వాటా కట్టినవాళ్ళలో నా ముఖం తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. వాళ్ళు "నా కష్టార్జితం, ఎవరికో ఎందుకు?" అనుకుని ఉంటే నేను ఇప్పుడు అమ్మ పక్కన కాజాలు కుడుతూ ఉండేదాన్ని.

ఇంత చెప్పాక, జీతగాళ్ళ కోపం పూర్తిగా తప్పని మాత్రం అనను. వాళ్ళ కోపం నిజమే, చూపించే దిక్కు తప్పు. కింద తక్కువ శాతం కట్టేవాడి వైపు చూస్తున్నారు. పైకి చూడాలి.

లెక్క చూడండి. జీతం 48 లక్షల 75 వేలు ఉన్నవాడికి కొత్త విధానంలో పన్ను, సెస్సు కలిపి 10 లక్షల 60 వేల 800. నా చేతులతో కోసే అంకె. ఇంకొకరికి ఉద్యోగం లేదు, కొని ఏడాది దాటిన లిస్టెడ్ (స్టాక్ మార్కెట్‌లో నమోదైన) షేర్లు అమ్మితే 48 లక్షల లాభం వచ్చిందనుకోండి. దాని మీద రేటు 12.5 శాతం. లక్షా పాతిక వేల మినహాయింపు, 4 లక్షల ప్రాథమిక పరిమితి తీసేస్తే సెస్సుతో కలిపి సుమారు ఐదున్నర లక్షలు. దాదాపు సగం! ఆ లాభం 4 కోట్ల 80 లక్షలైనా రేటు అదే 12.5. సర్‌చార్జి మాత్రం 15 శాతం దగ్గర ఆగిపోతుంది. జీతం అదే స్థాయిలో ఉంటే సర్‌చార్జి 25 శాతం. షేర్లలో నష్టభయం ఉంటుంది, ఒప్పుకుంటాను, కొంత తేడా ఉండాలి. కానీ ఇంత తేడా ఉంటే శ్లాబులు ఎక్కేది పనిచేసేవాడు మాత్రమే. బాగా పైనున్నవాళ్ళ సంపాదనలో జీతం చిన్న ముక్క.

2023 బడ్జెట్‌లో కొత్త విధానం కింద 5 కోట్లు దాటినవాళ్ళ సర్‌చార్జి 37 నుంచి 25 శాతానికి తగ్గించారు. దాంతో వాళ్ళ గరిష్ఠ రేటు 42.74 నుంచి 39కి దిగింది. సంపద పన్ను 2015 బడ్జెట్‌లో పోయింది. వారసత్వ ఆస్తి మీద ఉన్న ఎస్టేట్ డ్యూటీ 1985లోనే పోయింది. ఒకప్పుడు పైవాళ్ళ మీద మూడు నాలుగు దారుల్లో పన్ను వేసేవాళ్ళు, ఇప్పుడు ఇన్‌కంటాక్స్ ఒక్కటే మిగిలింది.

"అయితే రేటు ఎంతైనా పెంచొచ్చా?" అని అడుగుతారు. పెంచకూడదు. మన దేశమే దానికి సాక్ష్యం. 1973-74లో పదకొండు శ్లాబులు ఉండేవి. 2 లక్షలు దాటిన ఆదాయం మీద 85 శాతం పన్ను, దానిపై 15 శాతం సర్‌చార్జి, కలిపి 97.75 శాతం. నూరు రూపాయలు వస్తే రెండున్నర కూడా మిగలదు. అలాంటి రేటు దగ్గర ఆదాయం చూపించేవాడెవడు? జస్టిస్ వాంచూ కమిటీ 1971లోనే గరిష్ఠ రేటు 75కు తగ్గించమంది. 1985లో ఆర్థిక మంత్రిగా వి.పి.సింగ్ 50కి తెచ్చారు, 1997లో అదే పదవిలో చిదంబరం 10, 20, 30 పెట్టారు. ఆ 30 ఇప్పటికీ ఉంది. నా ఉద్దేశంలో 30, సర్‌చార్జితో నలభై పైచిలుకు, పైవాళ్ళు మోయగల బరువే.

నన్నడిగితే చేయాల్సినవి ఇవి. 5 కోట్లు దాటినవాళ్ళకు ఆ 37 శాతం సర్‌చార్జి తిరిగి పెట్టాలి. షేర్ల లాభం ఏడాదికి 50 లక్షలు దాటిన భాగాన్ని మామూలు శ్లాబుల్లోకి తేవాలి. చిన్న మదుపరి జోలికి వెళ్ళనక్కర్లేదు. సేద్యం ఆదాయం మీద ఇన్‌కంటాక్స్ లేదు, రైతుకు అది అలాగే ఉండాలి. కానీ కోట్లు చూపించి "వ్యవసాయం" అని రాసే రిటర్నులను నేల మీదికి వెళ్ళి చూడాలి. మా ఊళ్ళ వైపు ఎకరంలో ఏం పండుతుందో అందరికీ తెలుసు.

మీ విషయానికి వస్తే, ఈసారి ఫారం 16 (మీ ఏడాది జీతం, పట్టుకున్న పన్ను చూపిస్తూ కంపెనీ ఇచ్చే పత్రం) చేతికి రాగానే పార్ట్ బి తెరవండి. మొత్తం పన్నును మీ మొత్తం జీతంతో భాగించి, వచ్చిన శాతాన్ని ఇక్కడ రాయండి. అంకె మీద మాట్లాడుకుందాం.