యజమాని లేని బృందం, తలో ఊళ్లో మనుషులు: ఎప్పుడు మాట్లాడుకోవాలి, ఏది రాసి పెట్టుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. ఆంధ్ర సరిహద్దున ఒడిశాలోని పర్లాకిమిడిలో ఇద్దరు, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురంలో ఒక్కొక్కరు, మొత్తం ఆరుగురు. ఒడియా–తెలుగు అనువాదం, టైపింగ్, పేజీల అమరిక ఇళ్ల నుంచే చేస్తున్నారు. పైన యజమాని లేడు, వచ్చిన డబ్బు పంచుకుంటున్నారు. ఒకే వాట్సాప్ గ్రూపులో పొద్దస్తమానం మెసేజ్‌లు వస్తున్నా ఎవరి పని ఎంతవరకు వచ్చిందో తెలియడం లేదు. నిర్ణయాలేమో ఇద్దరి మధ్య ఫోన్లో అయిపోతున్నాయి. రోజూ ఒక మీటింగ్ పెడితే సర్దుకుంటుందా, మార్పులన్నీ ఒకేసారి మొదలుపెట్టాలా అని అడిగారు.

రోజూ మీటింగ్ పెడితే సర్దుకోదు. ఇంకా అలసిపోతారు. ఈ సరిహద్దు ఊళ్ల మధ్యే ఇలాంటి ఉమ్మడి పనిలో ఉన్న అనుభవంతో చెబుతున్నాను. యజమాని ఉన్నచోట ఎవరు ఏం చేయాలి, ఏది ఖరారైంది, ఎవరు వెనకబడ్డారు అన్నవి ఆయన చూసుకుంటాడు. ఆయన లేనప్పుడు ఈ మూడింటినీ ఒక వేళకూ ఒక రాతకూ కట్టేయాలి. అలా కట్టకపోతే అవి ఎక్కువ మాట్లాడేవాళ్ల చేతికి, సిగ్నల్ బాగున్నవాళ్ల చేతికి పోతాయి. మీ దగ్గర జరుగుతున్నది అదే.

రోజువారీ కబురు రాతలో చాలు. ఉదయం తొమ్మిదిన్నర, పదిన్నర మధ్య ప్రతి ఒక్కరూ మూడు లైన్లు పెట్టాలి: ఈ రోజు చేసే పని, అడ్డు, దొరకని వేళలు. అడ్డు అన్న లైన్లో ఎవరి నుంచి, ఏమి, ఎప్పటిలోగా అన్న మూడూ ఉండాలి. ‘4వ అధ్యాయం ఫుట్‌నోట్లు బరంపురం నుంచి మధ్యాహ్నం 2 లోపు కావాలి’ అంటే పని కదులుతుంది. ‘ఫుట్‌నోట్ల దగ్గర కొంచెం ఇబ్బందిగా ఉంది’ అంటే ఎవరూ కదలరు, అది ఎవరినీ ఉద్దేశించి అన్నది కాదు కాబట్టి. పేరు వచ్చినవాళ్లు పదకొండు లోపు జవాబివ్వాలి. మిగతావాళ్లు చదివితే చాలు, బొటనవేలు గుర్తులు కూడా అక్కర్లేదు.

మూడు లైన్లు రాని రోజు సంగతేమిటి? ఆరుగురినీ మూడు జంటలు చేయండి. వరుసగా రెండు రోజులు కబురు లేకపోతే జంటలో రెండోవారు ఫోన్ చేయాలి. గ్రూపులో అందరి ముందూ అడగొద్దు. అది బడిలో హాజరు తీసుకున్నట్టు ఉంటుంది, ఇంట్లో ఏదో కష్టంలో ఉన్న మనిషి ఇంకా ముడుచుకుపోతాడు. జంటల్ని మూడు నెలలకోసారి మార్చండి.

వారానికి ఒక్క కాల్, 45 నిమిషాలు, మాట మాత్రమే, వీడియో వద్దు. గూగుల్ మీట్ ఉచితంగా వాడితే ముగ్గురు, అంతకు మించి ఉన్న కాల్ 60 నిమిషాలకు ఆగిపోతుంది, జూమ్ 40కే ఆగిపోతుంది కాబట్టి ఈ కాల్‌కి చాలదు. చివర్లో తెగిపోయేది ఎప్పుడూ ‘ఎవరు ఏం చేస్తారు’ అన్న భాగమే కాబట్టి మీట్ హద్దుకు ముందే ముగించండి. బుధవారం సాయంత్రం బాగుంటుంది. గురువారం పెట్టుకోకండి, మార్గశిరంలో గురువారాలు లక్ష్మీపూజ చేసే ఇళ్లు అటు ఒడియావాళ్లలోనూ ఇటు మనవాళ్లలోనూ ఉన్నాయి. జూన్ నడుమ వచ్చే ఒడియా పండగ రజ మూడు రోజులు, సంక్రాంతి, ఉగాది, రథయాత్ర లాంటివన్నీ జనవరిలోనే ఒక క్యాలెండర్లో పెట్టేసుకోండి.

కాల్‌లో చర్చించాల్సినవి ముందురోజు రాత్రి ఎనిమిదిలోగా గ్రూపులో ఉండాలి. అక్కడ లేని విషయం మీద మాట్లాడుకోవచ్చు గాని నిర్ణయం తీసుకోకూడదు. ఈ ఒక్క నియమం చాలా గొడవల్ని ఆపుతుంది. కాల్ నడిపేవారు నెలకొకరు, రాసేవారు ఒకరు. ఈ నెల రాసినవారే వచ్చే నెల నడుపుతారు, అప్పటికి పెండింగ్ అంతా వాళ్లకు తెలిసి ఉంటుంది. వారానికొకరు మారితే ఎవరికీ నడపడం అలవాటు కాదు, ఎప్పటికీ మారకపోతే నడిపేవాడే యజమాని అయిపోతాడు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. పెద్దవాళ్లని అన్నయ్య, అప్ప అని పిలుచుకుంటాం. అన్నయ్య ముందు మాట్లాడేస్తే తర్వాతివాళ్లు ‘అన్నయ్య చెప్పినట్టే’ అని ఊరుకుంటారు. అందుకని ప్రతి విషయంలోనూ వయసులో చిన్నవారు ముందు, పెద్దవారు ఆఖరున మాట్లాడాలి. ఎవరి వంతు వచ్చేదాకా వాళ్లు ఆగాలి. ఎవరికైనా డేటా పడిపోతే మామూలు ఫోన్ కాన్ఫరెన్స్‌కి మారండి. ‘వాళ్లకి తర్వాత చెబుదాంలే’ అనుకున్న బృందాల్లో జయపురం మనిషి నెమ్మదిగా బయటివాడైపోతాడు.

ఇక అసలు సంగతి, నిర్ణయాలు. మౌనం అర్ధాంగీకారం అన్న మాట ఎదురెదురుగా కూర్చున్నప్పుడు నడుస్తుందేమో. దూరాన ఉన్నవాళ్ల మౌనానికి కరెంటు పోవడం, పిల్లాడికి జ్వరం, కోపం, చదవకపోవడం, ఏదైనా కారణం కావచ్చు. కాబట్టి మౌనానికి అర్థం ఏమిటో ముందే రాసుకోండి.

పనుల్ని మూడు రకాలు చేయండి. మీ చేతిలో ఉన్న పని ఎలా చేయాలన్నది మీ ఇష్టం, ఎవరినీ అడగొద్దు. ఇతరుల పనిని తాకేది, అంటే గడువు మార్చడం, ఫాంటు మార్చడం, కొత్త చిన్న ఆర్డరు లాంటివి, గ్రూపులో ప్రతిపాదనగా రాసి 72 గంటలు ఆగాలి. రేటు, వాటాలు, మనిషిని చేర్చుకోవడం, పంపడం మాత్రం ఆరుగురూ నోరు తెరిచి చెప్పాల్సిందే, ఎన్ని రోజులు పట్టినా.

72 గంటల రకానికి జవాబులు నాలుగే: ‘సరే’, ‘సరే, కానీ’, ‘ఆగండి’, ‘చదివాను’. అందరి దగ్గర్నుంచీ కనీసం ‘చదివాను’ వస్తేనే గడువు తీరాక అది నిర్ణయం అవుతుంది. ఒక్కరి నుంచి ఏమీ రాకపోతే ప్రతిపాదించినవారే వాళ్లకి ఫోన్ చేసి అడగాలి. ‘ఆగండి’ అన్నవారు కారణం రాయాలి, ఆ కారణం బృందానికో పనికో జరిగే నష్టం గురించి అయి ఉండాలి. ‘నాకు నచ్చలేదు’ అన్నది ‘సరే, కానీ’ కిందికి వస్తుంది. ‘ఆగండి’ వచ్చిన రెండు రోజుల్లో ప్రతిపాదించినవారూ ‘ఆగండి’ అన్నవారూ ఫోన్లో కూర్చుని మార్చిన ప్రతిపాదన పెట్టాలి, అది రాకపోతే విషయం బుధవారానికి వెళ్తుంది. ఇష్టాన్నీ అభ్యంతరాన్నీ ఇలా వేరు చేసే పద్ధతిని నెదర్లాండ్స్‌లో గెరార్డ్ ఎండెన్‌బర్గ్ 1970లలో తన ఎలక్ట్రికల్ కంపెనీలో అమలు చేశాడు. చిన్న బృందాలకు ఇది ఓట్లకంటే బాగా కుదురుతుంది. ఆరుగురిలో నలుగురు గెలిచి ఇద్దరు ఓడితే, రెండు మూడుసార్లయ్యేసరికి ఆ ఇద్దరూ వెళ్లిపోతారు. అందుకే డబ్బు విషయాలకు వాట్సాప్ పోల్ వాడకండి. మీటింగ్ వేళ ఎంచుకోవడానికైతే బాగుంటుంది.

ఇద్దరు ఫోన్లో మాట్లాడుకోవడాన్ని ఆపలేరు, ఆపకూడదు కూడా. అయితే తేలినదాన్ని పదిహేను నిమిషాల్లో రెండు లైన్లుగా గ్రూపులో పెట్టాలి. పెట్టనిది తేలనట్టే లెక్క. గ్రూపులు మూడు ఉండాలి: పని, నిర్ణయాలు, కబుర్లు. పండగ ఫొటోలు, గుడ్ మార్నింగ్‌లు మూడోదానికి. నిర్ణయాల గ్రూపులో నడుస్తున్న ప్రతిపాదనని 7 రోజులకు పిన్ చేయండి. మాయమయ్యే మెసేజ్‌ల సెట్టింగ్ మూడింటిలోనూ ఆఫ్‌లో ఉండాలి.

వాట్సాప్ రిజిస్టర్ కాదు, బ్యాకప్ లేకుండా ఫోన్ మారితే చరిత్ర పోతుంది. ఒక షీటులో నిర్ణయం నంబరు, తేదీ, ఒక వాక్యంలో విషయం, చేసేవారు, గడువు, మళ్లీ చూసే తేదీ రాయండి. ఆ షీటు ఎవరి సొంత ఖాతాలోనూ ఉండొద్దు. వాళ్లు వెళ్లిపోయి ఖాతా మూసేస్తే అదీ పోతుంది. బృందం పేరున ఒక ఖాతా తెరిచి, రికవరీ కోడ్‌లు కాగితం మీద ప్రింటు తీసి వేర్వేరు ఊళ్లలో ఇద్దరి దగ్గర ఉంచండి.

లిపి సంగతి చాలామంది పట్టించుకోరు, కానీ మన జిల్లాల్లో ఇది పెద్దదే. ఇంట్లో తెలుగు మాట్లాడినా ఒడియా మీడియంలో చదువుకుని తెలుగు అక్షరాలు కూడబలుక్కునేవాళ్లు మీ ఆరుగురిలోనూ ఉండొచ్చు. వాళ్లు రాయాల్సినచోట నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ పెడతారు, ఎవరూ పూర్తిగా వినరు, తర్వాత ‘నేను చెప్పాను కదా’ అన్న మాట వస్తుంది. వాయిస్ వద్దనకండి, హద్దు పెట్టండి: ఒక్కోటి 60 సెకన్లు, ఒక్కో విషయానికి ఒక్కటి, దాని కింద ఏ లిపిలోనైనా ఒక లైను శీర్షిక. ఒడియా లిపిలో తెలుగు రాసినా, ఇంగ్లిష్ అక్షరాల్లో రాసినా ఒప్పుకోండి. అక్షరముఖ అనే ఉచిత సాధనం తెలుగు లిపిలో ఉన్నదాన్ని ఒడియా లిపిలోకి మారుస్తుంది. కాకపోతే ఒడియాలో హ్రస్వ ఎ, ఒ లకు వేరే అక్షరాలు లేవు కాబట్టి నెల, నేల ఒకేలా పడతాయి. గడువుల్ని ‘వచ్చే నెల’ అనకుండా తేదీగా, 1, 2, 3 అంకెల్లో రాయండి. బుధవారం కాల్ ఆఖరి ఐదు నిమిషాల్లో రాసినవారు అంతా పైకి చదివి వినిపించాలి.

డబ్బుకి నెలకో మీటింగ్ విడిగా. 5వ తేదీన పెట్టుకుంటే జమాఖర్చుల షీటు 3న అందరికీ చేరాలి. ఆ రోజు వేరే విషయం ఎత్తకూడదు.

అక్టోబరు వచ్చేలోగా తుపాను ఏర్పాటు చేసుకోండి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటినప్పుడు శ్రీకాకుళంతోపాటు గజపతి జిల్లా కూడా బాగా దెబ్బతింది. అందరి నంబర్లూ, ప్రతి ఒక్కరికీ వేరే ప్రాంతంలో ఉన్న ఒక బంధువు నంబరూ కాగితం మీద ఉండాలి. హెచ్చరిక రాగానే ఫైళ్లు అప్‌లోడ్ చేసి, గడువుల గురించి పని ఇచ్చినవాళ్లకు ముందే చెప్పండి. డేటా పోయినా ఎస్సెమ్మెస్ వెళ్లే అవకాశం ఉంటుంది, ఉదయం ఏడుకీ సాయంత్రం ఏడుకీ ‘క్షేమం’ అని ఒక్క మాట పంపుకోండి. ఆ రోజుల్లో 72 గంటల లెక్క ఆగిపోవాలి.

మూడు నెలలకోసారి ముఖాముఖి కలవండి. పర్లాకిమిడి, గుణుపురం ఒకే రైలు మార్గంలో ఉన్నాయి, జయపురం నుంచి కోరాపుట్ మీదుగా రాయగడకు రైలు మార్గం ఉంది. చోటు మార్చుతూ ఉండండి, ఛార్జీలు ఉమ్మడి నిధి నుంచే ఇవ్వండి. లేదంటే దూరాన ఉన్నవారే ప్రతిసారీ ఖర్చు భరిస్తారు. అక్కడ ఆర్డర్ల గురించి కాకుండా రాతలో తేలని మనస్పర్థలు, వాటాలు, ఎవరికి పని బరువైంది అన్నవి మాట్లాడండి. గ్రూపులో వాదన మూడు మెసేజ్‌లు దాటితే మాత్రం అప్పటిదాకా ఆగకుండా ఆ రోజే ఫోన్ చేసుకోండి.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టొద్దు. మొదటి రెండు వారాలు మూడు లైన్లు, బుధవారం కాల్ మాత్రమే. మూడో వారం నుంచి నిర్ణయాల గ్రూపు, షీటు. రెండో నెల డబ్బు మీటింగ్. మొదటిసారి కలిసినప్పుడు వీటిలో ఏది ఎవరూ పాటించడం లేదో చూసి తీసేయండి, తీసేసినట్టు షీటులో ఒక వరుస రాయండి.