దారం ఎందుకు కట్టారు?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. ఏడాది కిందట మలద్వారం పక్కన గడ్డ లేస్తే కోసి చీము తీశారు. అక్కడ చిన్న రంధ్రం మిగిలి, రోజూ తడి అంటుతూనే ఉంది. ఎంఆర్ఐ తీసి, ఫిస్టులా కండరాల గుండా వెళ్తోందన్నారు. ఆపరేషన్ అని తీసుకెళ్లి దారం కట్టి పంపించారు. మూడు నెలలాగి మరో ఆపరేషనట! ఒక్కసారే కోసేస్తే పోయేది కదా? కోస్తే మలం ఆపుకోలేనని ఒక బంధువు భయపెడుతున్నారు.
– ఒక పాఠకుడు

జవాబు: మీ సర్జన్ మీద మీకు కోపంగా ఉన్నట్టుంది. ఆయన స్థానంలో ఉంటే నేనూ దారమే కట్టేవాణ్ణి.

మలద్వారం లోపల చిన్న గ్రంథులుంటాయి. వాటిలో ఒకటి చీముపట్టి చర్మం దాకా సొరంగం చేసుకుంటే అది ఫిస్టులా. ఆయుర్వేదం భగందరమన్నది దీన్నే. సొరంగాన్ని పొడవునా తెరిచేస్తే అడుగు నుంచి మానుకుంటూ వస్తుంది. అంతకన్నా నమ్మకమైన వైద్యం లేదు. చిక్కల్లా, దాని మీదుగా ఉన్న కండరాన్నీ కోయాల్సి రావడమే.

అక్కడ రెండు కండరాలున్నాయి. లోపలిది మనం నిద్రపోతున్నా మూసే ఉంచుతుంది. బయటిది నలుగురిలో ఉన్నప్పుడు మనం బిగపట్టేది. పరీక్షలో వేలు పెట్టి ‘బిగించండి’ అంటాను. వేలి చుట్టూ ఉంగరంలా బిగుస్తుంది. కోస్తే ఆ ఉంగరంలో పైన ఎంత మిగులుతుందన్నదే నా లెక్క. చాలినంత మిగిలితే కోసేస్తాను, లేదంటే కత్తి ముట్టను. స్త్రీలలో ముందువైపు ఈ కండరం పొట్టిగా ఉంటుంది, కాన్పులో చిరిగి ఉండవచ్చు కూడా. అక్కడ మరీ జాగ్రత్త. మీ బంధువు చెప్పింది ఆ మేరకు నిజమే.

సొరంగంలోంచి దూర్చి వదులుగా కట్టిన దారం దేన్నీ కోయదు. చీము నిలవకుండా దారి తెరిచి ఉంచుతుంది. వాపు తగ్గి, సొరంగం గట్టి గొట్టంలా తయారవుతుంది. అప్పుడు రెండు కండరాల మధ్య సందులోకి వెళ్లి ఆ గొట్టాన్ని కట్టి తెంచవచ్చు. లిఫ్ట్ అనే ఈ పద్ధతిని బ్యాంకాక్ సర్జన్లు 2007లో ప్రచురించారు. కండరం తెగదు. అందరికీ మానుతుందని మాత్రం చెప్పను. మానకపోయినా పట్టు పోదు. పైగా తిరగబెట్టినప్పుడు చాలాసార్లు లోపలి కండరం వరకే ఉండే పొట్టి సొరంగం మిగులుతుంది, దాన్ని కోయడం తేలిక. మీ రెండో ఆపరేషన్ ఇదేనా, మరొకటా అన్నది ఆయన్నే అడగండి.

క్షారసూత్రం గురించి కూడా అడుగుతుంటారు. జెముడు పాలు, ఉత్తరేణి క్షారం, పసుపు పట్టించిన దారమది. వారం వారం మారుస్తూ నెమ్మదిగా కోస్తుంది. నెమ్మదిగానైనా కోసేది కండరాన్నే, కాబట్టి ఆ ఉంగరం లెక్క అక్కడా తప్పదు.

గ్యాసు ఆపుకోగలుగుతున్నారా, బట్టలకు మలం మరక అంటుతోందా అన్నది సిగ్గుపడకుండా ఇప్పుడే చెప్పండి. దాన్నిబట్టే ఆపరేషన్ మారుతుంది. ఎడతెగని విరేచనాలు, బరువు తగ్గడం ఉంటే క్రోన్స్ జబ్బు (పేగులు వాచి పుండ్లు పడే దీర్ఘవ్యాధి), క్షయ ఉన్నాయేమో చూడాలి.

దారం ఉన్నన్నాళ్లూ కాస్త తడి మామూలే. గోరువెచ్చని నీళ్ల తొట్టిలో కూర్చోండి, చిన్న గాజుగుడ్డ పెట్టుకోండి. జ్వరం, సలుపు వస్తే ఆ రోజే వెళ్లండి. ముడి గుచ్చుకుంటోందని మీరే కత్తిరించుకోవద్దు. కొస కత్తిరించడం డాక్టరుకు ఒక్క నిమిషం పని.