చనిపోయినవాడికి పునరావాసమా?

సందేహం: సైద్ధాంతిక జీవశాస్త్రవేత్త ఎర్విన్ బావర్ గురించిన ఒక అనువాద వ్యాసంలో ‘రాజకీయ వేధింపులకు గురై 1938లో లెనిన్‌గ్రాడ్‌లో ఉరిశిక్ష పొందాడు, స్టాలిన్ మరణానంతరం పునరావాసం పొందాడు’ అని ఉంది. చనిపోయినవాడికి పునరావాసమేమిటి? ఆయన సిద్ధాంతాన్ని ‘స్థిర అసమతౌల్యత’ అనవచ్చా?

సమాధానం: మీ అనుమానం సబబే. పునః, ఆవాసం కలిస్తే పునరావాసం. ఆవాసమంటే ఉండే చోటు. వరదలో ఇల్లు పోయినవాళ్లకు మళ్లీ నీడ చూపితే అది పునరావాసం. బావర్ విషయంలో జరిగింది వేరు: ఆయన మీద మోపిన నేరం నిలవదని ప్రభుత్వమే ఒప్పుకుంది. ‘రిహాబిలిటేషన్’ అన్న ఇంగ్లీషు మాటకు నిఘంటువులో మొదట కనబడిన అర్థాన్ని తెచ్చి అతికిస్తే ఇలాగే అవుతుంది. ‘నిర్దోషి అని ప్రకటించారు’ అంటే చాలు. చంపింది నిర్దోషినన్న సంగతి కూడా అందులోనే తెలిసిపోతుంది.

‘ఉరిశిక్ష’ అంతకన్నా పెద్ద తప్పు. ఉరి అంటే ముడివేసిన తాడు. వేటగాడు ఉరులొడ్డాడన్నా ఆ తాడే. మరణశిక్షలన్నిటినీ ఉరిశిక్షలనడం మనకు అలవాటైపోయింది. హంగరీలో పుట్టి, 1925లో సోవియట్ దేశానికి వెళ్లిన బావర్‌ను 1937 ఆగస్టులో అరెస్టు చేసి, 1938 జనవరి 11న కాల్చి చంపారు. భార్య స్టెఫానియానూ కాల్చి చంపారు. ఎలా చంపారో తెలిసినప్పుడు ఆ క్రియే రాయాలి. ‘పొందాడు’ అన్నదీ నాకు మింగుడుపడదు. బహుమతి పొందుతాం, అనుమతి పొందుతాం. ‘కాల్చి చంపారు’ అంటేనే చంపినవాళ్లు వాక్యంలోకి వస్తారు.

వేధింపు ఇంట్లో, కొలువులో ఒకరినొకరు పెట్టే బాధకూ చెల్లుతుంది. రాజ్యమే పూనుకుని చేసినదానికి ‘నిర్బంధకాండ’ అనండి.

ఇక శాస్త్ర పదం. అన్నీ సరితూగి మార్పు ఆగిన స్థితి (ఈక్విలిబ్రియం) సమతౌల్యం; అది లేకపోవడం అసమతౌల్యం. తుల్యత అనాలి, లేదా తౌల్యం అనాలి. ప్రాధాన్యత, ప్రావీణ్యతల్లో లాగే ‘తౌల్యత’లోనూ ప్రత్యయం రెండుసార్లు పడింది. ‘స్థిర అసమతౌల్యం’ సరైన రూపం. రసాయనశాస్త్ర పాఠాల్లో వాడే ‘సమతాస్థితి’ని తీసుకున్నా బాగానే ఉంటుంది. అయితే దీన్ని ‘అస్థిర సమతౌల్యం’ అని తిరగేయకండి. అది కొండకొమ్మున నిలిపిన బంతి స్థితి. కాస్త కదిపితే దొర్లిపోతుంది. 1935లో వచ్చిన పుస్తకంలో బావర్ చెప్పింది ప్రాణి గురించి: అది సమతౌల్యంలో ఎన్నడూ ఉండదు, తనలోని స్వేచ్ఛాశక్తిని (పనికి వినియోగించగల శక్తిని) ఖర్చుచేస్తూ బతికినంతకాలం ఆ సమతౌల్యానికి ఎదురు పనిచేస్తూనే ఉంటుంది.